ఒకే స్పీడ్‌తోని పైకి గుంజుతుంటే తాడులో టెన్షన్ ఎంత? బుక్ కరెక్టా, బావ కరెక్టా?

తమ్మీ, నువ్వు అడిగింది చూస్తే ఒక్క ప్రశ్నే గానీ లోపల మూడున్నయ్. మొత్తం థ్రెడ్ అందరూ చదవరు కాబట్టి ముందు నీ ప్రశ్న జర మళ్లీ చెప్తున్న. నువ్వు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. బుక్‌లో లెక్క ఏందంటే, 200 కేజీల బరువును తాడు కట్టి సెకనుకు 2 మీటర్ల స్థిరమైన స్పీడ్‌తోని పైకి గుంజుతున్నరు, తాడులో టెన్షన్ ఎంత అని. జవాబు 1960 న్యూటన్లు ఇచ్చిండ్రు, అంటే అచ్చం దాని బరువంతే. దేవరకొండ దిక్కు బోరు మోటర్లు తీసే మీ బావేమో "బరువంతే బలం పెడితే అది ఆడనే ఏలాడుతది, పైకెట్ల వస్తది, జర ఎక్కువ పెట్టాలె గదా" అన్నడు, నీకు బావ మాటే సమజైంది. దాంతోపాటు బావ కరెంట్ హాయిస్ట్ (బరువులెత్తే మిషన్) కొనాలనుకుంటుండు, దానికి తాడు ఎంత గట్టిది కావాలె, మోటర్ ఎన్ని హెచ్‌పీ కావాలె అని సుత అడిగినవ్. నేను మెకానికల్ లైన్ల ఉన్నోణ్ణి, సైట్ల మీద బరువులెత్తించే పని చేసిన, తర్వాత పిల్లలకు ఇదే చెప్పిన, కాబట్టి జర పొడుగైనా మొత్తం చెప్తా.

పరీక్షకు జవాబు 1960 న్యూటన్లే, దాంట్ల డౌట్ లేదు. బరువు మీద పనిచేసే బలాలు రెండే, తాడు పైకి గుంజే టెన్షన్ టీ, భూమి కిందికి గుంజే ఎం జీ, అంటే ద్రవ్యరాశి (ఎం) ఇంటూ గురుత్వ త్వరణం (జీ). న్యూటన్ రెండో సూత్రం ప్రకారం టీ – ఎం జీ = ఎం ఏ, ఏ అంటే త్వరణం, స్పీడ్ ఎంత జల్ది మారుతుందో అది. స్పీడ్ మారుతలేదంటే త్వరణం సున్నా, కుడి పక్కన సున్నా పడుతది, మిగిలింది టీ = ఎం జీ = 200 × 9.8 = 1960. జీ 10 తీసుకోమని ప్రశ్నలో ఇస్తే 2000 రాయి. నిజానికి మన తెలంగాణ దిక్కు జీ విలువ 9.78 దగ్గర ఉంటది, ధ్రువాల కాడికి పోయినా కొద్దీ పెరుగుతది గానీ ఆ తేడాకు తాడు తెగదు, మార్కులు పోవు. ఇంకో సంగతి, ఆ సెకనుకు 2 మీటర్లు అనేది ఈ లెక్కలో యాడ పనికిరాలేదు చూసినవా? అది కావాలనే పెడ్తరు, పిల్లలు 200ను 2 తోని గుణిస్తరా లేదా చూసేందుకు. సెకనుకు అర మీటరైనా, 5 మీటర్లైనా, స్పీడ్ మారనంత సేపు టెన్షన్ 1960 యే.

ఇగ బావ మాట. ఆయన చెప్పేది ఉత్తదేం కాదు, ఆయన చేతికి అట్లనే తెలుస్తది. కాకపోతే ఆయన చెప్పేది బరువు కదిలే క్షణం గురించి, బుక్ అడిగేది కదిలినంక సంగతి. ఎల్బీనగర్‌ల ఎక్కిన ఆర్టీసీ బస్సు కదిలేటప్పుడు నిలబడ్డోళ్లందరూ ఎనక్కి ఊగుతరు, చౌటుప్పల్ దాటినంక హైవే మీద ఒక్క తీరుగ పోతుంటే ఎవ్వరూ రాడ్ గట్టిగ పట్టుకోరు, బస్సు అరవై మీద పోతున్నా సరే. కదలాలంటే ఎక్కువ బలం కావాలె, కదులుతూనే ఉండాలంటే ఎక్కువ అవసరం లేదు. బలం వల్ల స్పీడ్ రాదు, స్పీడ్ *మారుతది*. ఈ ఒక్క మాట మెదడుల కూసుంటే ఈ చాప్టర్‌ల సగం లెక్కలు అయిపోయినట్టే.

అంకెల్ల చూద్దాం. 200 కేజీలు నేల మీదున్నయ్, సెకనుకు 2 మీటర్ల స్పీడ్ రావాలె. ఒక సెకను టైమ్ తీసుకుని మెల్లగ స్పీడ్ తెచ్చినవనుకో, త్వరణం 2, టెన్షన్ 200 × (9.8 + 2) = 2360 న్యూటన్లు. అంటే బరువు కంటే 400 ఎక్కువ, ఆ ఒక్క సెకను మాత్రమే. తర్వాత పది సెకన్లు ఒకే స్పీడ్‌తోని వచ్చింది, అప్పుడు 1960. పైకొచ్చినంక ఆపాలె గదా, ఒక సెకన్ల మెల్లగ ఆపినవనుకో, ఇప్పుడు త్వరణం మైనస్ 2, టెన్షన్ 200 × 7.8 = 1560, బరువు కంటే 400 *తక్కువ*. ఇగ పన్నెండు సెకన్ల సగటు తీయి, 2360 ఒకటి, 1960 పది, 1560 ఒకటి, అన్నీ కలిపితే 23520, పన్నెండుతోని భాగిస్తే మళ్లీ 1960 వస్తది. మొదట్ల తాడు ఎంత ఎక్కువ మోసిందో ఆఖర్ల అంత తక్కువ మోస్తది, కింద ఆగి ఉన్నది పైన ఆగి ఉంటే ఏ తీరు గుంజినా సగటు బరువంతే రావాలె, ఇది లెక్కల తప్పించుకోలేనిది. బావకు మొదటి సెకను యాదికుంటది ఎందుకంటే అప్పుడు చేతులకు నొప్పి పుడుతది, ఆఖరి సెకను ఎవరికీ యాదికుండదు.

అదే స్పీడ్ సెకనుకు బదులు సెకన్‌ల ఐదో వంతు టైమ్‌ల తెచ్చినవనుకో, అంటే ఒక్క ఊపు, త్వరణం 10 అయితది, టెన్షన్ 200 × 19.8 = 3960. డబుల్. బరువు అదే, తాడు అదే, ఆఖరికి వచ్చే స్పీడ్ సుత అదే, మొదట్ల తొందరపడ్డందుకు తాడు డబుల్ మోసింది.

దింపేటప్పుడు ఎంత అని చాలామంది అడగరు గానీ పరీక్షలో వస్తది. ఒకే స్పీడ్‌తోని కిందికి దింపుతుంటే సుత టెన్షన్ 1960 యే. పైకా కిందికా అన్నది టెన్షన్‌కు తెల్వదు, త్వరణం ఏ దిక్కున్నదో అదొక్కటే తెలుస్తది. కిందికి పోతున్నదాన్ని బ్రేకేసి ఆపుతున్నవనుకో, త్వరణం పైకి ఉంటది, అప్పుడు టెన్షన్ బరువు కంటే *ఎక్కువ*. అందుకే హాయిస్టుల కాడ తాడుకు డేంజర్ గుంజేటప్పుడే కాదు, దింపుతూ దింపుతూ ఒక్కసారి గట్టిగ బ్రేక్ కొట్టినప్పుడు సుత. ఇది బావకు చెప్పు.

ఇంకా డేంజర్ ఏందంటే తాడు వదులుగ ఉండి ఒక్కసారి బిగుసుకునుడు. దీనికి ఒక లెక్క ఉన్నది, ఇంటర్‌ల చెప్పరు గానీ శక్తి నిత్యత్వం తెలిస్తే నువ్వే తీయొచ్చు. బరువు ఊరికే ఏలాడుతుంటే తాడు ఎంత సాగుతదో దాన్ని డెల్టా అనుకో. బరువు హెచ్ అంత ఎత్తు నుంచి పడి తాడు బిగుసుకుంటే, గరిష్ట టెన్షన్ బరువుకు ఎన్ని రెట్లంటే, ఒకటి ప్లస్ వర్గమూలం ఆఫ్ (ఒకటి ప్లస్ రెండు హెచ్ బై డెల్టా). 200 కేజీలకు తాడు ఒక సెంటీమీటరు సాగుతదనుకో, వదులు నాలుగు సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ల కంటే తక్కువే. లోపల 1 + 8 = 9, వర్గమూలం 3, దానికి ఒకటి కలిపితే 4. నాలుగు రెట్లు! 1960 కాస్తా 7840 అయింది. ఇంకో చిత్రం, హెచ్ సున్నా పెట్టి చూడు, రెండు రెట్లు వస్తది. అంటే వదులేం లేకున్నా, చేతుల మీదున్న బరువును ఒక్కసారి తాడు మీదికి వదిలేస్తే చాలు, ఒక క్షణం డబుల్ పడుతది. స్టీల్ రోప్ తక్కువ సాగుతది కాబట్టి డెల్టా చిన్నగుంటది, దెబ్బ పెద్దగుంటది, నైలాన్ తాడు సాగుతది కాబట్టి దెబ్బ తక్కువ తగులుతది. నైలాన్ తాడు మంచిదని కాదు, తెగిందంటే అది రబ్బరు లెక్క ఎనక్కి కొడుతది, ఎదురుగ మనిషి నిలబడొద్దు.

నా మాట మీద నమ్మకం లేకుంటే ఇంట్ల చేసి చూడు. ఊర్లల్ల పత్తి కొనేటోళ్ల దగ్గర ఏలాడదీసే ముల్లు కాటా ఉంటది, డిజిటల్‌ది వద్దు, అది అంకె ఆగినంకనే చూపిస్తది. కొండికి పది లీటర్ల నీళ్ల బకెట్ తగిలించి, కాటా పై రింగు పట్టుకుని మెల్లగ పైకి లేపుతూ ముల్లునే చూడు. లేచేటప్పుడు ముల్లు పది దాటి ముంగటికి ఉరుకుతది, చెయ్యి ఒక్క తీరుగ పోతున్నప్పుడు మళ్లీ పది కాడికి వచ్చి నిలబడుతది, ఆపేటప్పుడు ఎనిమిది తొమ్మిది కాడికి జారుతది. బకెట్ బరువు సుత కలుస్తది కాబట్టి పది కంటే జర ఎక్కువే చూపిస్తది, అది ముందుగాల ఊరికే ఏలాడదీసి చూసుకో. నీ చెయ్యి వణికితే ముల్లు సుత వణుకుతది, ఆ వణుకుడంతా త్వరణమే.

ఇప్పుడు స్పీడ్ సంగతి. "స్పీడ్ పెరిగితే టెన్షన్ పెరగదంటున్నవ్, మరి తొందరగ గుంజితే దమ్మొస్తది గదా" అని అడుగుతవ్. దమ్మొచ్చేది బలం వల్ల కాదు, పవర్ వల్ల. పవర్ అంటే టెన్షన్ ఇంటూ స్పీడ్. సెకనుకు 2 మీటర్లతోని అయితే 1960 × 2 = 3920 వాట్లు, ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కాబట్టి దాంతోని భాగిస్తే 5.25 హెచ్‌పీ, అంటే మన పొలం కాడ ఐదు హెచ్‌పీ మోటర్ అంత. అదే బరువును సెకనుకు అర మీటరుతోని గుంజితే 980 వాట్లు, 1.3 హెచ్‌పీ. తాడుకు రెండూ ఒకటే, మోటర్‌కు మాత్రం నాలుగింతల తేడా. అందుకే తాడు కొనేటప్పుడు బరువు అడగాలె, మోటర్ కొనేటప్పుడు బరువు స్పీడ్ రెండూ అడగాలె.

బుక్‌ల లెక్కకు, సైట్ మీద లెక్కకు అసలు తేడా యాడొస్తదో ఇప్పుడు చెప్తా. టీ = ఎం జీ అనేది బరువు మీద ఇంకే బలం లేకుంటేనే నిజం. ఇంకేదన్న కిందికి గుంజుతుంటే, రాపిడో, బురద పట్టో, నీళ్ల అడ్డో, అన్నీ కలపాలె. స్థిరమైన స్పీడ్ అంటే బలాలన్నీ కలిపి సున్నా, అంతే. టెన్షన్ బరువంతే ఉండాలె అని సూత్రంల యాడ లేదు. నాగార్జున సాగర్ మీద 26 క్రెస్టు గేట్లున్నయ్, వర్షాకాలం వాటిని మెల్లగ ఒకే స్పీడ్‌తోని లేపుతుంటే టీవీల చూస్తం. త్వరణం సున్నానే, అయినా హాయిస్ట్ తాళ్లు గేటు బరువొక్కటే మోస్తలేవు, అవతల నీళ్లు ఒత్తుతుంటే నీళ్లు కారకుండ ఆపే సీళ్ల కాడ, గేటు తిరిగే ఇరుసు కాడ రాపిడి ఉంటది, అది సుత మోయాలె. గేటు దింపేటప్పుడు అదే రాపిడి అడ్డం తిరిగి తాడుకు సాయం చేస్తది, అందుకే లేపేటప్పుడు ఒక టెన్షన్, దింపేటప్పుడు ఇంకో టెన్షన్. నేను ఇంతకుముందు రెండూ ఒకటే అన్నది రాపిడి లేనప్పుడు, గుర్తు పెట్టుకో.

బోరు మోటర్ కాడికి వద్దాం, ఎందుకంటే బావ అడిగింది అదే, దీంట్లనే మస్తు సంగతున్నది. చానామంది "మోటర్ యాభై కేజీలు" అని యాభై కేజీల లెక్కన తాడు తెస్తరు. మోటర్ ఒక్కటే లేదు గదా లోపల. మూడొందల ముప్పై అడుగులు, అంటే వంద మీటర్ల జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) దింపిండ్రనుకో, ఇంచున్నర మీడియం పైపు మీటరుకు ఇంచుమించు 3.6 కేజీలు, వంద మీటర్లకు 360 కేజీలు. మోటర్, పంపు కలిపి 50. పైపుల నీళ్లు? పంపు మీద నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటది, అది సరిగ పనిచేస్తుంటే మోటర్ ఆపినంక సుత నీళ్లు కిందికి దిగవు, పైపు నిండుగనే ఉంటది. ఇంచున్నర పైపుల మీటరుకు దగ్గర దగ్గర 1.37 లీటర్ల నీళ్లు పడ్తయ్.

ఇక్కడొక మెలిక ఉన్నది. బోరుల నీటిమట్టం 60 మీటర్ల కింద ఉందనుకో, అంటే పైపు 60 మీటర్లు గాలిల, 40 మీటర్లు నీళ్లల్ల. నీళ్లల్ల ఉన్న 40 మీటర్ల పైపు లోపలి నీళ్లు బరువు పడవు, బయటి నీళ్లు వాటిని మోస్తయ్. మట్టం పైన ఉన్న 60 మీటర్ల నీళ్లే తాడు మీద పడ్తయ్, 60 × 1.37 = 82 కేజీలు. మొత్తం 360 + 50 + 82 = 492. దీనికి కేబుల్ బరువు కొంత కలుస్తది, మునిగిన పైపుకు నీళ్లల్ల తేలిక ఒక 18 కేజీల దాకా వస్తది, మోటర్‌కు సుత కొంత వస్తది, అటూ ఇటూ కొట్టేసి 490 అనుకుందాం. 4800 న్యూటన్లు. యాభై కేజీలన్నది అర టన్ను అయి కూసున్నది.

ఇంకా చూడు, ఇరవై అడుగుల పైపు ఒకటి గుంజి, కింద క్లాంప్ పెట్టి, కప్లింగ్ (రెండు పైపులను కలిపే జాయింటు) విప్పుతరు, భళ్లున నీళ్లు మీద పడ్తయ్, ఆ పైపు పక్కకు పెడ్తరు. ప్రతి పైపుకు ఇనుము 20 కేజీల పైన తగ్గుతది. నీళ్ల బరువు మాత్రం తగ్గదు! ఎందుకంటే విప్పిన కాడి నుంచి బోరు నీటిమట్టం దాకా ఎప్పుడూ 60 మీటర్లే, పైపు తగ్గేది కింది కొసన నీళ్లల్ల నుంచి. మోటర్ నీళ్లల్ల నుంచి బయటికి వచ్చినంకనే, అంటే 40 మీటర్లు గుంజినంకనే నీళ్ల బరువు తగ్గుడు షురువైతది. సగం తీసినంక "ఇంకా బరువే ఉన్నదేందిరా" అనిపిస్తే కారణం ఇది. కప్లింగ్ విప్పితే నీళ్లు రాకుంటే వాల్వ్ పోయిందని అర్థం, ఆ 82 కేజీలు మీకు మిగిలినట్టే, కొత్త వాల్వ్ ఖర్చు మాత్రం రైతుకు. హెచ్‌డీపీఈ నల్ల పైపైతే ఈ లెక్క మొత్తం మారుతది, ఆ పైపు నీళ్ల కంటే తేలిక, నీళ్లల్ల దాని బరువు తాడు మీద పడనే పడదు, గాలిల ఉన్న కాడ సుత జీఐ కంటే చానా తక్కువ.

ఇగ మోటర్ ఇరుక్కుంటే ఈ బరువు లెక్క పనిచెయ్యదు. కేసింగ్ (బోరు గోడ కూలకుండ పై భాగంల దింపే పైపు) కింద మట్టి కూలి మోటర్‌ను పట్టేసిందనుకో, చెయిన్ బ్లాక్‌తోని (చేత్తోని చెయిన్ గుంజి బరువులెత్తే గేర్ల సామాను) గుంజుతుంటే బరువు కదలదు, టెన్షన్ మాత్రం లింకు లింకుకు పెరుగుకుంట పోతది, 4800 కాస్తా పది వేలు, పదిహేను వేలు అయితది, ఆఖరికి మట్టన్న వదలాలె, తాడన్న తెగాలె, పైపు థ్రెడ్డన్న ఊడాలె. చెయిన్ బ్లాక్ గుంజే మనిషికి అది తెల్వదు ఎందుకంటే గేర్లు ఉన్నయ్, చేతికి పడేది మెత్తగనే ఉంటది. అనుభవం ఉన్నోళ్లు చెయిన్ మామూలు కంటే గట్టిగైతే ఆపి, ఒక చెయ్యి కిందికి వదిలి, మళ్లీ గుంజుతరు, ట్రాక్టర్‌కు కట్టి ఒక్క ఊపుల గుంజరు. పైన చెప్పిన ఊపు లెక్క యాదికున్నది గదా.

గిరక సంగతి సుత చెప్తా, మూడు కాళ్ల స్టాండ్ వాడుతరు కాబట్టి. పైన ఒక్క గిరక పెట్టి తాడు కిందికి గుంజితే నీ బలం తగ్గదు, దిక్కు మారుతది, కిందికి గుంజితే మన ఒంటి బరువు సుత సాయమొస్తది కాబట్టి తేలిక అనిపిస్తది, అంతే. గిరకను పట్టుకున్న కొండి మీద మాత్రం రెండు తాళ్ల బలం పడుతది, అటు టీ, ఇటు టీ. మన 200 కేజీల లెక్కల 3920 న్యూటన్లు, అంటే 400 కేజీలు. తాడు పక్కకు, నేలకు సమానంగ గుంజితే 2770 దాకా. అర టన్ను బోరుకు అర టన్ను స్టాండ్ పెట్టేటోళ్లు ఇది చూసుకోవాలె. కదిలే గిరక ఒకటి కలిపితే టెన్షన్ సగమైతది, తాడు డబుల్ గుంజాలె. గిరక తుప్పు పట్టకుండ బేరింగ్ మంచిగుంటే రెండు మూడు శాతం ఎక్కువ బలం చాలు, బుష్ గిరకకు ఐదు శాతం దాకా పడుతది.

గిరక తిరగకుంటే? లేదా గిరకనే లేకుండ కట్టె దుంగ మీదినుంచి గుంజితే? అప్పుడు రాపిడి లెక్క ఘోరంగుంటది. తాడు దుంగను అర చుట్టు తగిలి వస్తుంటే, రాపిడి గుణకం 0.3 అనుకుంటే, రెండు దిక్కుల టెన్షన్ల మధ్య తేడా 2.57 రెట్లు. 1960 ఎత్తాలంటే 5030 గుంజాలె. అదే దింపేటప్పుడు 764 పట్టుకుంటే చాలు, 78 కేజీలంత. పూర్తిగ రెండు చుట్లు వేస్తే తేడా 43 రెట్లు, 200 కేజీల బరువును ఐదు కేజీల కంటే తక్కువ బలంతోని ఒక్క మనిషి దింపొచ్చు. పెద్ద బండను గుంతల దింపేటప్పుడు పాత మేస్త్రీలు చెట్టుకు రెండు చుట్లు చుట్టి మెల్లగ వదిలేది దీనికే. లెక్క వాళ్లకు తెల్వదు, ఎన్ని చుట్లు వేయాలెనో మాత్రం తెలుసు.

మన పాలమూరు దిక్కు మోట బావులు చూసినోళ్లకు ఇదంతా కొత్త కాదు. తోలు మోటల నూటయాభై లీటర్లు పడ్తయనుకుంటే మోకుల టెన్షన్ 1470 న్యూటన్లు, మోట బరువు వేరే. ఎద్దులు బావి నుంచి పల్లానికి నడుస్తయ్, పది అడుగులు నడిస్తే రెండు అడుగులు దిగే పల్లమైతే, జత 700 కేజీలనుకుంటే, వాటి బరువుల పల్లం వెంబడి పడే భాగమే 700 × 9.8 × 0.2 = 1372. అంటే దాదాపు మోట అంత. దానికి తోడు మోట కొట్టేటాయన మోకు మీద కూసునేది, ఆయన బరువు సుత కలిసేది. ఎద్దులు కాళ్లతోని నెట్టాల్సింది జర మిగిలిన దానికే. మోట కారుతుంటే పైకి వచ్చేకొద్దీ బరువు తగ్గి టెన్షన్ తగ్గుతది, స్పీడ్ ఒకటే ఉన్నా సరే, ఏ క్షణాన ఎంత నీళ్లుంటే అంత ఎం జీ. పరీక్షల కారే బకెట్ లెక్క వస్తే ఇదే.

రెండు తాళ్లతోని ఎత్తేది ఒకటి మిగిలింది, జల్ది చెప్తా. తాండూరు బండలు, గ్రానైట్ పలకలు రెండు పక్కల స్లింగ్ (ఎత్తేందుకు చుట్టే తాడు) వేసి ఎత్తుతరు గదా. తాళ్లు నేలతోని 60 డిగ్రీలుంటే 200 కేజీలకు ఒక్కో తాడుల 1132 న్యూటన్లు. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో తాడులనే 1960, అంటే రెండు తాళ్లున్నా ఏం లాభం లేదు. 15 డిగ్రీలైతే ఒక్కో దాంట్ల 3787. తాడు చిన్నగున్నదని అడ్డం గుంజి కడ్తరు, బరువు సగం పంచుకుంటయ్ అనుకుంటరు, తెగేది అట్లనే.

ఇగ హాయిస్ట్. 490 కేజీల లెక్క పెట్టుకున్నం. వైర్ రోప్‌కు సాధారణంగ ఐదు రెట్ల భద్రత తీసుకుంటరు, 4800 × 5 = 24,000 న్యూటన్లు, అంటే రెండున్నర టన్నులకు తెగని తాడు. 8 ఎంఎం మంచి స్టీల్ వైర్ రోప్ మూడు టన్నులు దాటే తట్టుకుంటది గానీ ఇరుక్కునే మోటర్లు తీసే పని కాబట్టి 10 ఎంఎం తీసుకోమను. షాపుల మినిమమ్ బ్రేకింగ్ లోడ్ (కనీసం ఎంత బరువుకు తాడు తెగుతదో) రాసిన కాగితం అడగమను, "ఒక టన్ను తాడు సార్" అంటే అది తెగే బరువా, ఎత్తే బరువా తేల్చుకోవాలె, రెండింటికి ఐదింతల తేడా. గిరక వ్యాసం తాడు మందానికి ఇరవై రెట్లన్న ఉండాలె, చిన్న గిరక మీద వంగి వంగి లోపలి తీగలు తెగుతయ్, బయటికి కనిపించదు. ముడి వేయొద్దు, ముడి కాడ తాడు బలం సగం దాకా పడిపోవచ్చు, లూప్ చేసి క్లాంపులు వేయాలె.

హెచ్‌పీ అంటవా, నిమిషానికి 6 మీటర్ల హాయిస్టైతే సెకనుకు 0.1 మీటరు, 4800 × 0.1 = 480 వాట్లు. గేర్లల్ల పోయేది పోను 65 శాతం చేతికొస్తదనుకుంటే 740 వాట్లు, ఒక హెచ్‌పీ. స్పీడ్ డబుల్ కావాలంటే రెండు హెచ్‌పీ, తాడు మాత్రం అదే తాడు. బావ తొందరపడి స్పీడ్‌ది కొంటడేమో, ఇరవై అడుగులకోసారి ఆగి కప్లింగ్ విప్పే పని కాడ స్పీడ్ ఏం చేసుకుంటడు? ఒక టన్ను రేటింగ్, నిదానం స్పీడ్, రెండు హెచ్‌పీ మోటర్ అయితే ఇరుక్కున్నప్పుడు సుత కొంత సందుంటది.

హెచ్‌పీ కంటే ముందు అడగాల్సింది బ్రేక్ గురించి. పొలాల కాడ కరెంట్ ఎప్పుడు పోతదో తెల్వదు, అర టన్ను పైపు సగం గాలిల ఉన్నప్పుడు పోయిందంటే అది ఆడనే ఆగాలె. కరెంట్ ఉన్నప్పుడు తెరుచుకుని, పోంగనే స్ప్రింగ్ బలంతోని దానంతటదే పట్టుకునే బ్రేక్ ఉండాలె, కరెంట్ వస్తేనే పట్టుకునేది కాదు. షాపుల బరువు ఏలాడదీసి, నడుస్తున్నప్పుడే మెయిన్ స్విచ్ బంద్ చేయమను, రెండు వేళ్ల కంటే ఎక్కువ జారిందంటే ఆ షాపుల కొనొద్దు. బోరు లోతు, నీటిమట్టం, పైపు సైజు ఇక్కడ రాయి, మీ బోర్లకు అసలు అంకెలు పెట్టి చూద్దాం.